పట్టేసిన చక్రం నట్లకు గ్యాస్ పెట్టొచ్చా, పెట్టకూడదా?

ఆకివీడు చేపలబండి:
అందరికీ నమస్కారమండి. మాది పాత ఆరు టైర్ల లారీ. రొయ్యల లోడు నుంచి కారే ఉప్పునీళ్ళకి వెనక ఎడమవైపు జంట చక్రాల నట్లు పట్టేశాయి. పైపేసి తొక్కినా ఒక్కటీ కదల్లేదు, ఒకదాని మూలలు అరిగిపోయాయి కూడా. గ్యాస్ వెల్డింగ్ అతను ఎర్రగా కాలిస్తే ఐదు నిమిషాల పనంటున్నాడు. మా డ్రైవరేమో వద్దే వద్దంటున్నాడు. మీరేమంటారు?

రావులపాలెం కొబ్బరిలోడు:
కాల్చెయ్యండన్నా. వేడికి నట్టు సాగి తుప్పు పట్టు వదిలేస్తుంది. హైవే పక్కన చాలా షెడ్లలో చేసేది ఇదే. బండి ఒక పూట ఆగితే లోడు పోతుంది, ఫైనాన్సు కిస్తీ ఆగదు కదా.

రాజోలు టైర్లషాపు:
తమ్ముడూ, ఆ మాట అనకు. లారీ టైర్లో 100 నుంచి 120 పీఎస్ఐ దాకా గాలుంటుంది. రిమ్ము కాలితే లోపల రబ్బరు మాడి మండే వాయువులు పుడతాయి, బయటికేమీ కనబడదు. పాత రిమ్ములకి టైరుని పట్టి ఉంచే లాక్ రింగు ఉంటుంది. పేలిందంటే ఆ రింగు ఎదురుగా ఉన్నవాడి మీదకే వస్తుంది. మంట తీసేసిన చాలాసేపటికి కూడా పేలొచ్చు. అమెరికా కార్మిక భద్రతా నిబంధన 1910.177 అయితే చక్రానికి వేడి పెట్టడమే నిషేధించింది.

ఆకివీడు బాబూ, అసలు మర ఎటుందో చూశారా? పాత బండ్లు కొన్నిటికి ఎడమవైపు చక్రాలకి ఎడమ మర వేసేవారు, నడకలో నట్టు దానంతటదే వదులవ్వకుండా. దాన్ని గడియారం ముల్లు తిరిగే వైపు తిప్పితేనే ఊడుతుంది. రెండోవైపు తొక్కితే ఇంకా బిగుస్తుంది. స్టడ్డు, అంటే నట్టు ఎక్కే బోల్టు, దాని కొనని వైరు బ్రష్షుతో గీకండి, బురదా తుప్పూ పోయాక ‘ఎల్’ అక్షరం కనబడొచ్చు. అక్షరం లేకపోతే బయటికున్న మరనే చూడండి. స్టడ్డు నిలబెట్టి చూస్తే మామూలు మర కుడికి ఎక్కుతుంది, ఎడమ మర ఎడమకి.

గీకడం ఎలాగూ తప్పదు, లేకపోతే నట్టు సగం వచ్చి మళ్ళీ ఆ తుప్పులోనే ఇరుక్కుంటుంది. తుప్పు వదిలించే నూనె కొట్టి రాత్రంతా వదిలెయ్యండి. జాకీ ఎత్తకముందే, చక్రం నేల మీదుండగానే లాగాలి. ముందు కాస్త బిగించే వైపు, తర్వాత ఊడే వైపు. 60 కిలోల మనిషి మీటరు పైపు చివర నిలబడితే పడే బలం 60 కేజీ-మీటర్లు. చాలా పెద్ద బండ్ల నట్లు బిగించేదే సుమారుగా అంత, ఇక తుప్పుపట్టినవి దానికేం వస్తాయి? గేర్లున్న చేతి రెంచి తెచ్చుకోండి.

రావులపాలెం కొబ్బరిలోడు:
సరే గురువుగారూ, గాలి మొత్తం తీసేసి కాలిస్తే? చెరువు గట్టు మీద మీరు చెప్పిన రెంచి ఎక్కడ దొరుకుతుందండీ?

రాజోలు టైర్లషాపు:
రెండు టైర్ల వాల్వు పిన్నులూ తీస్తే ముప్పు తగ్గుతుంది, పోదు. ఇంకో సంగతి. స్టడ్డు ఉక్కుకి కాల్చి చల్లార్చే బలం తెప్పిస్తారు. మళ్ళీ ఎర్రగా కాలిస్తే ఆ బలం పోతుంది. నట్టొచ్చిందని సంబరపడి అదే స్టడ్డు మీద లోడేసుకుని కత్తిపూడి దాకా పోతారు, నా బాధంతా అదే. టైర్లలో గాలుంటే గట్టు మీదే విప్పాలనేముంది, షాపు దాకా నడుపుకు రావచ్చుగా.

పాలకొల్లు లేతుపని:
మూలలు అరిగినదాన్ని కోసెయ్యడమే మంచిదండి. టైరుకి తడిగోనె కప్పి, గ్రైండరుతో నట్టు ఒక పక్క మర దాకా పోకుండా కోసి, ఉలితో కొడితే విచ్చుకుంటుంది. స్టడ్డు ఒకటి తెగితే దానితోపాటు అటూ ఇటూ ఉన్న రెండూ మార్చాలి. రెండు తెగితే ఆ చక్రానివన్నీ మార్చాల్సిందే. ఒక్కటే వేయించుకుపోయేవాళ్ళే ఎక్కువ, ఇది ప్రాణాలతో పని. బిగించాక 80 నుంచి 160 కిలోమీటర్ల లోపు మళ్ళీ పానా పెట్టి చూడాలి.

ఆకివీడు చేపలబండి:
గీకి చూశామండి, ‘ఎల్’ ఉంది. నూనె కొట్టి పొద్దున్నే ఆ వైపు లాగితే చాలావరకు టక్కుమని వదిలేశాయి. మూలలు అరిగినదీ, దాని పక్కదీ రాలేదు. ఆ రెండూ పాలకొల్లులో కోయిస్తాం.

రావులపాలెం కొబ్బరిలోడు:
ఎడమ మర సంగతి ఒప్పుకుంటానండి. కానీ టైరుకి దూరంగా, కమానుకట్టని ఇరుసుకి పట్టి ఉంచే యూ బోల్టుల్లాంటి వాటికి నేను గ్యాసే వాడతాను.

రాజోలు టైర్లషాపు:
వాడు, కానీ ఆ యూ బోల్టు పారేసి కొత్తది వెయ్యాలి తమ్ముడూ. కాల్చినదాన్ని మళ్ళీ బిగించకు.