బాత్రూమ్ వాటర్‌ప్రూఫింగ్ కోటింగ్ స్లోప్ కింద వేయాలా, పైన వేయాలా?

ఇంట్లోవాళ్లమే కలిసి 5x7 అడుగుల బాత్రూమ్ బాగుచేస్తున్నాం. పాత టైల్స్ తీసేశాం, స్లాబ్ కనిపిస్తోంది. ట్రాప్ (నేల మీది నీళ్లు పైపులోకి దిగేచోటు) వైపు మీటరుకు 15 మిల్లీమీటర్ల వాలు వచ్చేలా సిమెంట్ స్లోప్ పోయాలి. వాటర్‌ప్రూఫింగ్ స్లాబ్ మీదే వేస్తే, టైల్స్ సందుల్లో నింపే గ్రౌట్‌లోంచి దిగిన నీళ్లు స్లోప్‌లో నిలిచిపోయి వాసన, తెల్లచార వస్తాయి కదా? అందుకే స్లోప్ పైన, టైల్ కిందే రెండు కోట్లు వేయడం మేలనిపిస్తోంది. మూలల్లో మెష్ కూడా పెడతాం.

అసలు భయం ట్రాప్ దగ్గరే. లీకు ఎక్కువగా మొదలయ్యేది పైపు స్లాబ్‌లోంచి దిగేచోట. పీవీసీకి సిమెంట్ సరిగా అతుక్కోదు. పైపును ఉప్పుకాగితంతో రుద్ది, చుట్టూ నాన్‌ష్రింక్ గ్రౌట్ (ఆరాక కుంచించుకుపోని సిమెంట్ మిశ్రమం) నింపితే సరిపోతుందా? పైన సీలెంట్ కూడా పెట్టాలా? కోటింగ్ ఆరాక ట్రాప్ మూసి 24 గంటలు నీళ్లు నిలపాలనుకుంటున్నాం. స్వయంగా చేసినవాళ్లు చెప్పండి, దయచేసి.