నవంబరు నడక డబ్బు: ప్రొస్టేట్ పరిశోధనకా, పీఎస్ఏ శిబిరానికా?

బెజవాడ_నడక (ప్రశ్న):
నమస్కారమండి. మాది విజయవాడలో వాకర్ల సంఘం. 2001 సొసైటీల చట్టం కింద రిజిస్ట్రేషన్ ఉంది, ఆదాయపు పన్ను శాఖ ఇచ్చే 12ఏబీ (సంస్థ ఆదాయానికి పన్ను మినహాయింపు) గానీ 80జి (దాతలకి పన్ను మినహాయింపు) గానీ లేవు. నవంబరులో ప్రొస్టేట్ (మగవాళ్లలో మూత్రాశయం కింద ఉండే గ్రంథి) క్యాన్సర్ పేరు మీద నడక పెట్టి లక్షన్నర దాకా పోగేద్దామని ఆలోచన. కమిటీలో సగం మంది పరిశోధనకని, మగవాళ్ల ఆరోగ్యం కోసం డబ్బు పోగేసే మొవెంబర్ సంస్థకి పంపుదామంటారు, మిగతా సగం ఇక్కడే ఉచితంగా పీఎస్ఏ (ప్రొస్టేట్ తేడాని పట్టే రక్త పరీక్ష) శిబిరం పెడదామంటారు. దాతలేమో 80జి రసీదు కావాలంటున్నారు. ఎటు నడవాలి?

పద్దుల_పుస్తకం:
ముందు రసీదు సంగతి తేల్చుకోండి, మిగతాది తర్వాత. మొవెంబర్ 2003లో మెల్‌బోర్న్‌లో మొదలైన ఆస్ట్రేలియా సంస్థ. విదేశీ సంస్థకి నేరుగా ఇచ్చిన డబ్బుకి మన దగ్గర 80జి రాదు. మీ సంఘానికీ లేదు కాబట్టి, 80జి ఉన్న ట్రస్టునో ఆసుపత్రినో ఒకదాన్ని ఎంచుకుని, నడక రోజున వాళ్ల ఖాతా క్యూఆర్ కోడే బల్ల మీద పెట్టండి. కోశాధికారి ఫోన్‌పేలో వేయించుకుని తర్వాత పంపారనుకోండి, రసీదు ఆయన పేరున వస్తుంది, దాతలకి ఏమీ మిగలదు. ఎక్కువ గొడవలు ఇక్కడే.

నగదు 2,000 దాటితే మినహాయింపు లేదు. దాత పేరు, చిరునామా, పాన్ ఆ రోజే రాయించుకోండి. సంస్థ ఏడాది చివర విరాళాల వివరం (ఫారం 10బీడీ) పన్ను శాఖకి వేసి, మే 31 లోపు దాతకి విరాళం సర్టిఫికెట్ (ఫారం 10బీఈ) ఇవ్వాలి, పాన్ తప్పుంటే అది చేతికి రాదు. పాత పన్ను విధానంలో ఉన్నవాళ్లకే ఉపయోగమని కూడా చెప్పేయండి. మామూలు ట్రస్టుకిస్తే ఇచ్చిన దాంట్లో సగమే తగ్గుతుంది, దానికీ ఆదాయంలో 10 శాతం పరిమితి ఉంది. డైపర్ ప్యాకెట్ల లాంటి వస్తువులిస్తే అసలు రాదు. టీషర్టు ఇచ్చి ప్రవేశ రుసుము తీసుకుంటే అది విరాళం కాదు, వేరే పద్దు. సంస్థ 80జి ఆర్డరు కాపీ అడిగి గడువు తేదీ చూడండి, ఆమోదం ఎప్పటికీ ఉండేది కాదు.

యూరో_వార్డు:
శిబిరం అంటే రక్తం తీసి రిపోర్టు వాట్సాప్‌లో పడేయడం అనుకుంటే పెట్టకండి, దయచేసి. పీఎస్ఏ 4 దాటిన ప్రతివాడికీ క్యాన్సర్ ఉండదు. 4 నుంచి 10 మధ్య ఉన్నవాళ్లలో దాదాపు నలుగురికి ఒకరిలోనే బయటపడుతుంది. మిగిలిన ముగ్గురికీ గ్రంథి వాపో ఇన్‌ఫెక్షనో. ఆ కాగితం పట్టుకుని ఇంట్లో నిద్రపట్టక తిరిగేది వాళ్లే.

వయసు 50 నుంచి 69 వరకు పెట్టుకోండి. తండ్రికో అన్నదమ్ములకో వచ్చి ఉంటే 45 నుంచి. 70 దాటినవాళ్లకి వరసపెట్టి చేయొద్దు. పరగడుపు అక్కర్లేదు. మూత్రంలో ఇన్‌ఫెక్షన్ తగ్గి 6 వారాలు కాకపోతే వాయిదా వేయండి. ముందు 48 గంటలు వీర్యస్ఖలనం, గట్టి సైకిల్ తొక్కుడు ఉండకూడదు, కనుక ఆ ఉదయం నడక పెట్టండి గానీ సైకిల్ ర్యాలీ వద్దు. నమోదు కాగితంలో ప్రొస్టేట్ వాపుకిచ్చే ఫినాస్టెరైడ్, డ్యూటాస్టెరైడ్ మందులు వాడుతున్నారా అని తప్పకుండా అడగాలి. ఆరు నెలలకి పైగా వాడితే పీఎస్ఏ సగానికి పడిపోతుంది, వచ్చిన అంకెని రెట్టింపు చేసి చదవాలి. 2.5 చూసి బాగుందని పంపేస్తే అది నిజానికి 5.

ఎక్కువొస్తే 4 నుంచి 6 వారాల తర్వాత అదే ల్యాబులో మళ్లీ చేయించాలి. అప్పటికీ ఎక్కువే ఉంటే ఎంఆర్ఐ, ఆ తర్వాతే బయాప్సీ (చిన్న ముక్క తీసి చూసే పరీక్ష). కాబట్టి డబ్బంతా మొదటి పరీక్షలకే ఊడ్చేయకండి. సగం పైగా ఈ రెండో అంకానికి దాచి, యూరాలజిస్టుతో (మూత్ర సంబంధ వ్యాధుల డాక్టరు) తేదీలు ముందే మాట్లాడుకోండి. అది కుదరకపోతే శిబిరం మానేయడమే మేలు.

లెక్క_చూసేవాడు:
పై మాటతో ఏకీభవిస్తూనే ఒకటి. 'పరిశోధన మనకెందుకు' అనుకోవద్దు. యూరప్‌లో పీఎస్ఏ పరీక్షల మీద 23 ఏళ్లు వెంటాడి చూసిన ఈఆర్‌ఎస్‌పీసీ అధ్యయనం లేకపోతే, పరీక్షకి పిలిచిన 456 మందికి ఒక ప్రొస్టేట్ మరణం తప్పుతుందన్న అంకె మనకి తెలిసేది కాదు. బ్రిటన్‌లో ప్రొటెక్ట్ అనే అధ్యయనంలో 15 ఏళ్లకి చూస్తే, ముందుగా దొరికిన గడ్డకి కోసినా, రేడియేషన్ ఇచ్చినా, ఊరికే కనిపెట్టి ఉన్నా ఈ జబ్బుతో పోయినవాళ్లు దాదాపు 3 శాతమే. అనవసరపు ఆపరేషన్లు తప్పేది ఇలాంటి లెక్కల వల్లే.

అయితే లక్షన్నరతో కొత్త అధ్యయనం నడవదు. పరిశోధనకే ఇవ్వాలనుకుంటే ముంబై టాటా మెమోరియల్ క్యాన్సర్ ఆసుపత్రి లాంటి చోటికి, నడుస్తున్న పనికి చేరేలా ఇవ్వండి. 'ప్రొస్టేట్ క్యాన్సర్ పరిశోధన నిమిత్తం' అని ఉత్తరంలో రాయకపోతే సాధారణ నిధిలో కలిసిపోతుంది. ఖర్చు వివరం ఏటా పంపమని అదే ఉత్తరంలో అడగండి.

బెజవాడ_నడక:
చాలా థాంక్సండి. శిబిరానికి యూరాలజిస్టు తేదీలు దొరక్కపోతే రోగులకే ఇద్దామంటున్నారు. వైద్యసేవ కార్డు ఉన్నవాళ్లకి ఇంకేం కావాలి?

యూరో_వార్డు:
ఎన్టీఆర్ వైద్యసేవలో ఆపరేషన్, రేడియేషన్ గడిచిపోతాయి. గడవనిది పక్కనున్న మనిషి ఖర్చు. రేడియేషన్ వారానికి 5 రోజుల చొప్పున 4 వారాలు, పద్ధతిని బట్టి 7, 8 వారాలు కూడా పడుతుంది. మాచర్ల నుంచో వినుకొండ నుంచో గుంటూరు వచ్చినవాళ్లు అన్నాళ్లు గదికి, భోజనానికి పెట్టుకోలేక మధ్యలో ఆపేస్తారు. గుంటూరు ప్రభుత్వ ఆసుపత్రి (జీజీహెచ్)లో నాట్కో ట్రస్టు కట్టించిన క్యాన్సర్ విభాగం ఉంది, అక్కడి సామాజిక కార్యకర్తని అడిగి బస చీటీల పద్ధతి పెట్టండి. నగదు చేతికివ్వొద్దు, గది యజమానికే వారం వారం కట్టండి.

రెండోది ఆపరేషన్ తర్వాత మూత్రం కారడం. చాలామందికి నెలల్లో తగ్గుతుంది, అప్పటిదాకా డైపర్లు కావాలి. మగవాళ్లు ఈ మాట బయటికి చెప్పరు. మూత్రం పట్టే కండరాల వ్యాయామం నేర్పడానికి నెలకో పూట ఫిజియోథెరపిస్టుని పిలిపిస్తే, మిగతా మాటలు ఆ గదిలోనే వస్తాయి. పిలుపులో 'క్యాన్సర్ సహాయ బృందం' అని రాయకండి, 'ఆపరేషన్ తర్వాత వ్యాయామాలు' అంటే వస్తారు. ఈ క్యాన్సర్‌కిచ్చే హార్మోన్ ఇంజెక్షన్ల మీదున్నవాళ్లలో దిగులు ముదిరితే ఫోన్ చేసుకునేలా ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ లైను టెలీ మానస్ 14416 నంబరు గోడ మీద రాసి పెట్టండి, ఉచితం, తెలుగులోనే మాట్లాడతారు.