బాబుకి వాపు మళ్లీ వచ్చింది, మళ్లీ స్టెరాయిడ్ అన్నారు. మీ ఇళ్లల్లో ఎలా నెట్టుకొస్తున్నారండీ?

సఖినేటిపల్లి టైలరమ్మ:

అందరికీ నమస్కారమండీ. మాది సఖినేటిపల్లి దగ్గర పల్లెటూరు. ఇంట్లోనే మిషను పెట్టుకుని జాకెట్లు, పిల్లల బట్టలు కుడతాను. ఆయన కువైట్‌లో డ్రైవరు. ఇంట్లో నేను, అత్తగారు, ఐదేళ్ల బాబు. వాడికి నెఫ్రోటిక్ సిండ్రోమ్ అని పోయినేడు తేలింది. కిడ్నీల్లోంచి ప్రొటీన్ మూత్రంలోకి పోతుందట, రక్తంలో అది తగ్గి ఒంటికి నీరు పడుతుందట.

మొదట్లో పొద్దున్న లేచేసరికి కళ్ల కింద ఉబ్బు ఉండేది, సాయంత్రానికి తీసేది. దోమ కుట్టిందన్నారు, పడిశం అన్నారు, నిద్ర ఎక్కువైందన్నారు. కళ్ల సంగతి నేనూ పోల్చుకోలేదు గానీ నడుం దగ్గర తెలిసిపోయింది. స్నానానికి నిక్కరు విప్పితే ఎలాస్టిక్ గాడి చుట్టూరా ఎర్రగా పడి ఉంది. వేలితో నొక్కితే గుంట పడి అలాగే ఉండిపోయింది. ఆ నిక్కరు దసరాకి నేనే వదులుగా కుట్టాను. టేపు తెచ్చి కొలిస్తే నడుం రెండంగుళాలు పెరిగింది. అన్నం సరిగ్గా తినని పిల్లాడికి అంత తొందరగా నడుం ఎలా పెరుగుతుందండీ? మర్నాడే పంటు మీద గోదావరి దాటి నరసాపురం తీసుకెళ్లాను. మూత్రంలో ప్రొటీన్ నాలుగు ప్లస్, అంటే బాగా ఎక్కువగా పోతోందట. అక్కణ్ణుంచి కాకినాడ పంపించారు.

ఆరు వారాలు రోజూ, ఆ తర్వాత ఆరు వారాలు రోజు విడిచి రోజు ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడ్ మాత్ర ఇచ్చారు. వాపు దిగిపోయింది. మందు ఆపిన కొన్నాళ్లకి జలుబు చేసింది, దాని వెనకే మళ్లీ వాపు. అదీ తగ్గింది. ఇప్పుడు ఈ పండగ నెల మంచుకి దగ్గు పట్టుకుని మళ్లీ మూడు ప్లస్. "ఇది ఇలాగే వస్తూ పోతూ ఉంటుందమ్మా, చాలామందికి పెద్దయ్యేసరికి పోతుంది" అన్నారు డాక్టరుగారు. ఇంకా అడుగుదామంటే బయట బెంచీల మీద జనం నిండిపోయి ఉన్నారు.

మాత్ర మింగించడం పెద్ద పని కాదండీ. మిగతాదంతా ఉంది చూడండి, అదీ కష్టం. వీడియో కాల్‌లో వాడి బుగ్గలు చూసి ఆయన "బాగా ఒళ్లు చేశాడే" అని మురిసిపోతారు. అవి స్టెరాయిడ్ బుగ్గలని చెబితే అక్కడ ఆయన అన్నం మానేస్తారు. చెప్పకపోతే ఇక్కడ నాకు నిద్ర పట్టదు. అత్తగారేమో ఆ మాత్ర ఒట్టి విషం, గలిజేరాకు కషాయం పడితే నీరు లాగేస్తుంది అంటారు. అనడమే కాదు, గ్లాసు పట్టుకుని నిలబడతారు. బడిలో "ఇది మిగతా పిల్లలకి అంటుకుంటుందేమో, తగ్గాక పంపండి" అన్నారు. వీడికి చూస్తే తీరని ఆకలి. అన్నం తిని చెయ్యి కడిగాడో లేదో "అమ్మా, అట్టు పొయ్యి" అంటాడు. పొయ్యకపోతే పేచీ. ఆవకాయ జాడీ అటక మీద పెట్టినా కనిపెట్టేశాడు.

పొద్దున్నే వాడి మొహం చూడాలంటేనే నాకు గుండె దడ. మూత్రంలో ముంచి ప్రొటీన్ చూసే స్ట్రిప్పులతో రోజూ చూసుకోమన్నారు. డబ్బా ఖరీదు సరే, మా ఏటిగట్టు తేమకి అవి పాడైపోతున్నాయి. వేరే దారేమైనా ఉందా? ఉప్పు తగ్గించి ఏం పెడుతున్నారు? మా పుట్టిల్లు అంబాజీపేట, కనుమకి జగ్గన్నతోట ప్రభల తీర్థానికి వాణ్ణి తీసుకెళ్లొచ్చా?

పాలకొల్లు నాన్న:

అమ్మా, మా అమ్మాయి ఇప్పుడు తొమ్మిదో తరగతి. దానికి మూడేళ్లు నిండకుండా మొదలైంది ఈ జబ్బు. బడిలో చేరాక కూడా చాలాసార్లు తిరగబెట్టింది, తర్వాత తర్వాత దూరమవుతూ వచ్చింది. ఇప్పుడు మందుల్లేవు. అందరికీ ఇలాగే అవుతుందని నేను చెప్పలేను గానీ, స్టెరాయిడ్‌కి లొంగే రకమైతే ఎక్కువమంది పిల్లలు ఇలాగే బయటపడతారని మా డాక్టరుగారు మొదటి రోజే చెప్పారు. మీవాడికి లొంగుతోంది కదా, అది చాలా పెద్ద విషయం.

మీరు పొద్దున్నే మొహం చూడ్డం మానేయండి. మొహాన్ని నమ్మకూడదు. నిద్ర ఎక్కువైనా ఉబ్బుతుంది, ఏడ్చినా ఉబ్బుతుంది. పైగా నిజంగా వాపు కనబడే వేళకి ప్రొటీన్ పోవడం మొదలై కొన్ని రోజులవుతుంది. చూడాల్సింది మూత్రం.

స్ట్రిప్పులు కాకుండా సల్ఫోసాలిసిలిక్ యాసిడ్ అని ఒక ద్రావణం ఉంది. మూడు శాతంది కావాలని చెప్పి ల్యాబు వాళ్లని అడగండి, ఎక్కడ దొరుకుతుందో వాళ్లు చెబుతారు. పొద్దున లేవగానే పోసిన మూత్రం కొంచెం గాజు గొట్టంలో తీసుకుని నాలుగైదు చుక్కలు వేయాలి. తేటగా ఉంటే ఏమీ లేనట్టు. గొట్టం వెనక పేపరు పట్టుకోండి. కొంచెం మసకబారినా అక్షరాలు చదవగలిగితే ఒక ప్లస్. తెల్లగా కమ్మేసి అక్షరాలే కనబడకపోతే మూడు. ముద్దలు కట్టి కిందికి దిగితే నాలుగు. ఒకసారి మీ డాక్టరు దగ్గరో ల్యాబులోనో చేయించి చూడండి, కన్ను అలవాటవుతుంది. యాసిడ్ దొరకని రోజుల్లో మేం గొట్టం పైభాగాన్ని సారా దీపం మీద కాచి, తెల్లబడితే రెండు చుక్కలు వెనిగర్ వేసేవాళ్లం. వెనిగర్ వేసినా ఆ తెలుపు పోలేదంటే అది ప్రొటీనే.

దానికో నోటుబుక్కు పెట్టండి. తేదీ, ఎన్ని ప్లస్సులు, బరువు, ఆ రోజు ఎంత మందు వేశారు, జలుబూ జ్వరమూ ఏమైనా ఉందా, అంతే. వరసగా మూడు పొద్దుల్లు మూడు ప్లస్సో అంతకన్నా ఎక్కువో ఉంటే తిరగబెట్టినట్టు, డాక్టరుకి ఫోన్ చెయ్యాలి. వరసగా మూడు పొద్దుల్లు ఏమీ లేకపోతేనో, లేశమాత్రంగా ఉంటేనో అణిగినట్టు. జ్వరం ఉన్న పూట కాస్త కనబడి మర్నాటికి పోవడమూ ఉంది. ఒక్కరోజు రెండు ప్లస్ చూసి బస్సెక్కక్కర్లేదు. ఈ మూడు రోజుల లెక్క తెలిశాక మా ఆవిడ రాత్రులు పడుకోవడం మొదలుపెట్టింది.

మీ అత్తగారి సంగతి. మా అమ్మా ఇంతే, స్టెరాయిడ్ పేరెత్తితే యుద్ధం. నేను వాదించడం మానేసి పరీక్ష చేసే పని ఆవిడకే అప్పజెప్పాను. మందు మొదలెట్టిన రెండో వారానికి గొట్టం తేటగా అవడం తన కళ్లతో చూసింది. ఆ తర్వాత మాత్ర వేళ దాటితే మమ్మల్నే కేకలేసేది.

మీ ఆయనకి మొహం బదులు నోటుబుక్కు పేజీ ఫొటో తీసి పంపండి. దూరాన ఉన్న మగాడికి బుగ్గలు చూపిస్తే బుగ్గల గురించే మాట్లాడతాడు. అంకెలు చూపిస్తే మర్నాడు అంకెలే అడుగుతాడు.

బడి వాళ్లకి ఇది అంటువ్యాధి కాదని డాక్టరుగారితో కాగితం రాయించి ఇవ్వండి. నిజానికి భయపడాల్సింది మనం. వాళ్ల పిల్లల జలుబులు, ఆటలమ్మ మనవాడికి అంటకుండా చూసుకోవాలి.

రాజోలు మామ్మ:

అమ్మాయ్, వంట సంగతి నాకొదిలెయ్. మా మనవడికీ ఇదే. వాడికి వేరుగా వండకు, పళ్లెంలో తేడా కనబడితే పిల్లాడు ఒప్పుకోడు. కూర మొత్తం ఉప్పు తగ్గించి దించెయ్, మీరు మీ పళ్లేల్లో పైన చల్లుకోండి. పప్పులో మామిడికాయో చింతకాయో పడితే ఉప్పు లోటు సగం తెలీదు. నిమ్మకాయ, వెల్లుల్లి, వేయించిన ధనియాల పొడి, కొబ్బరి కోరు. మన కోనసీమలో కొబ్బరికి కరువా! ఆవకాయ, ఊరమిరపకాయలు, అప్పడాలు, ఎండుచేపలు, ఎండురొయ్యలు మాత్రం ఇంట్లోనే ఉండకూడదు. అటక మీద పెట్టి పిల్లాడితో దొంగాట ఆడకు. జాడీ ఎత్తి పక్కింట్లో పెట్టు. మేం కొన్నాళ్లు ఎండురొయ్యలు మా ఆడపడుచు ఇంటికి వెళ్లి తినొచ్చేవాళ్లం.

ఆకలికి అట్టే పొయ్యి, వద్దనకు. కానీ చిన్నది పొయ్యి, నూనె తగ్గించు. దోసకాయ ముక్కలు, జామకాయ ముందే కోసి ఎదురుగా పెట్టు. షాపు చిప్సులు, బిస్కెట్లు వద్దు, వాటి నిండా ఉప్పే. అరిసెలు కూడా ఒకటిచ్చి సరిపెట్టు, ఆ మందుకి ఒళ్లు ఊరికే వచ్చేస్తుంది. బజార్లో సోడియం తక్కువ ఉప్పని ఒక ప్యాకెట్టు వస్తోంది, అది వాడుకోవచ్చేమో చూడు.

పిల్లల వార్డు సిస్టర్, కాకినాడ:

మామ్మగారూ, మీ వంటంతా బాగుంది గానీ ఆ చివరి ప్యాకెట్టు వద్దండీ. సోడియం తగ్గించిన ఉప్పులో దాని బదులు పొటాషియం కలుపుతారు. కిడ్నీ జబ్బున్న పిల్లలకి, కొన్ని రకాల బీపీ మందులు వాడేవాళ్లకి అది ప్రమాదం. మామూలు ఉప్పే తగ్గించి వాడండి. వాపు ఉన్నన్నాళ్లు గట్టిగా తగ్గించాలి, వాపు పోయాక అంత కట్టడి అక్కర్లేదు, పైన చల్లుకోకుండా ఉంటే చాలు. ప్రొటీన్ పోతోంది కదా అని గుడ్ల మీద గుడ్లు కుక్కకండి, వయసుకి తగ్గ మామూలు తిండి సరిపోతుంది.

కషాయం గురించి. గలిజేరు అయినా ఇంకోటైనా, డాక్టరుకి చెప్పకుండా ఏ పసరూ పట్టకండి. అత్తగారు అడిగితే నా మాటగా చెప్పండి, సిస్టర్ తిట్టిందని.

స్టెరాయిడ్ మీ అంతట మీరు ఒక్కసారిగా ఆపకూడదు. పొద్దున్నే ఏదైనా తిన్నాకే వేయండి. వాంతులై మాత్ర కడుపులో నిలవకపోతే ఆ రోజే చూపించాలి. వేరే జబ్బుతో ఏ ఆసుపత్రికి వెళ్లినా ముందుగా ఈ మందు వాడుతున్నాడని చెప్పండి. బుగ్గలు మందు తగ్గేకొద్దీ తీసేస్తాయి. పేచీలు కూడా చాలావరకు మందువల్లే, పిల్లాడు చెడిపోయాడనుకోకండి. బీపీ, ఎత్తు ప్రతిసారీ చూస్తున్నారో లేదో గమనించండి, కళ్లు కూడా అప్పుడప్పుడు చూపించాలి.

జ్వరంతో పాటు కడుపునొప్పి వస్తే తెల్లారేదాకా ఆగకండి, పొట్టలో నీటికి ఇన్ఫెక్షన్ పట్టి ఉండొచ్చు. మూత్రం బాగా తగ్గినా, ఆయాసం వచ్చినా, ఒక కాలే వాచి నొప్పి పెట్టినా, ఫిట్స్ వచ్చినా 108కి ఫోన్ చెయ్యండి. చుట్టుపక్కల ఎవరికైనా ఆటలమ్మ వచ్చి, మీవాడు వాళ్లతో ఆడి ఉంటే ఆ రోజే డాక్టరుకి చెప్పండి, వాడికి పొక్కులు వచ్చేదాకా చూడొద్దు.

టీకాల కార్డు తీసుకెళ్లి అడగండి. న్యుమోనియా టీకా, ఫ్లూ టీకా ఈ పిల్లలకి అవసరం. ఆటలమ్మ టీకా లాంటివి మాత్రం స్టెరాయిడ్ మోతాదు ఎక్కువగా ఉన్నప్పుడు వేయరు. ఇంకో సంగతి, ఇలా మాటిమాటికీ తిరగబెడుతుంటే స్టెరాయిడ్ తగ్గించడానికి లెవామిసోల్ లాంటి వేరే మందులున్నాయి. అవి ఎప్పుడు మొదలుపెట్టాలో డాక్టర్లు ఆ నోటుబుక్కు చూసే తేలుస్తారు. ఆసుపత్రిలో చేర్చాల్సి వస్తే రేషను కార్డు, ఆధార్ పట్టుకుని ముందు ఆరోగ్యమిత్ర దగ్గరికి వెళ్లండి, ఏది ప్రభుత్వ ఆరోగ్య పథకంలో వస్తుందో అక్కడ చెబుతారు.

ప్రభల తీర్థం అంటారా, నాదీ అటువైపే. ఆ జనంలో, దుమ్ములో, దగ్గుతో ఉన్న పిల్లాణ్ణి తిప్పడం ఈ ఏడు వద్దు.

సఖినేటిపల్లి టైలరమ్మ:

అందరికీ దండాలండీ. ఆలస్యంగా రాస్తున్నాను, పండగ జాకెట్లు మిషను మీద కుప్ప పడ్డాయి.

గొట్టం, యాసిడ్ దొరికాయి. అత్తగారికి మొదటి రోజు నేనే చేసి చూపించాను. చుక్కలు పడగానే పాలు విరిగినట్టు తెల్లగా అయ్యేసరికి ఆవిడ చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత "ఇదంతా వాడి ఒంట్లోంచి పోతోందా?" అన్నారు. అవునన్నాను. కషాయం గ్లాసు ఇంకా కడిగి బోర్లించలేదు గానీ, రెండు రోజులుగా ఎత్తలేదు. పేపరు పట్టుకోవడం ఆవిడ డ్యూటీ ఇప్పుడు. కళ్లజోడు పెట్టుకుని మరీ చదువుతున్నారు, అక్షరాలు కనబడకపోతే నాకంటే ముందు ఆవిడే "మూడే" అంటున్నారు.

ఆయనకి పేజీ పంపాను. ముందు కోపం వచ్చింది, ఇన్నాళ్లు ఎందుకు చెప్పలేదని. ఆ మాట నిజమే అయినా, అక్కడ ఒక్కడే స్టీరింగు పట్టుకునే మనిషికి ఏ వేళ చెప్పమంటారు? ఇప్పుడు మన ఆరున్నరకి, అంటే అక్కడ నాలుగింటికి, లేచి "ఎంత?" అని మెసేజ్ పెడుతున్నారు. నిన్న రెండుకి దిగింది.

బడికి కాగితం ఇంకా రాయించలేదు, వచ్చే వారం వెళ్లినప్పుడు రాయిస్తాను. లెవామిసోల్ సంగతి, టీకాల సంగతి కూడా చీటీ మీద రాసుకున్నాను. తీర్థం మానేశాం. వాడు ఒకటే గోల. మా అన్నయ్య మా ఊరి ప్రభ కట్టేటప్పుడు తీసుకెళ్లి దగ్గరగా చూపిస్తానన్నాడు, అప్పుడు జనం ఉండరు కదా.

జాడీ పక్కింటికి చేరింది మామ్మగారూ. వాడి నిక్కర్లన్నిటికీ ఎలాస్టిక్ తీసేసి బొందులు ఎక్కించాను. గాడి పడదు, బొందు ఎంత బిగించానో చూసి నడుం కొలత కూడా తెలుస్తోంది.

ఒక్క మాట పాలకొల్లు అన్నయ్యగారూ, ఆ యాసిడ్ సీసా ఇంట్లో ఎక్కడ పెట్టేవారు? వీడు అటక కూడా ఎక్కుతున్నాడు.

పాలకొల్లు నాన్న:

తాళం వేసే బీరువాలో పెట్టేవాళ్లమమ్మా, గొట్టం కూడా అందులోనే. సీసా మీద పెద్దగా పేరు రాసి అంటించండి, ఎవరూ మందనుకోకుండా. చేతి మీద పడితే వెంటనే నీళ్లతో కడిగెయ్యాలి. పరీక్ష అయ్యాక గొట్టం కడిగి బోర్లించండి, పాత చుక్క ఉండిపోతే మర్నాటి లెక్క తప్పుతుంది. ఆ బొందుల ఆలోచన మాకప్పుడు తట్టలేదు.