అమ్మ సంవత్సరీకానికి చిన్న పుస్తకం వేస్తున్నాం. ఏం రాయాలి, ఏం వదిలెయ్యాలి?

పేట_ఆడపడుచు:

అందరికీ నమస్కారం. మాది విశాఖపట్నం, పెదజాలారిపేట. పెళ్ళయ్యాక ఎంవీపీ కాలనీకి మారాను, ప్రభుత్వ బడిలో టీచర్ని. అమ్మ పోయి ఏడాది కావొస్తోంది. సంవత్సరీకానికి వచ్చినవాళ్ళకి స్టీలు గిన్నె ఇద్దామని తమ్ముడు అన్నాడు. గిన్నెతో పాటు అమ్మ గురించి చిన్న పుస్తకం కూడా ఇద్దామని నేను పట్టుబట్టాను. సరేనని, రాసే పని నా నెత్తినే పెట్టాడు.

ప్రింటింగ్ షాపులో మాటలన్నీ సిద్ధంగా ఉన్నాయి. పైన ఫొటో, పక్కన రెండు దీపాలు, కింద నాలుగు పెద్ద పెద్ద మాటలు. పేరు మార్చి ఎవరికైనా వేసెయ్యొచ్చు. అది నాకు వద్దు.

మా అమ్మ చేపలమ్మేది. నాన్న తెప్ప మీద వేటకెళ్ళేవాడు. ఆ రాబడి ఇంటికి ఎంత చేరేదో అమ్మకే తెలియాలి. తెల్లారకముందే పేట ఆడవాళ్ళు నలుగురైదుగురు కలిసి ఆటోలో ఫిషింగ్ హార్బర్‌కి వెళ్ళి, వేలంపాటలో సరుకు పట్టి, ఎండ ఎక్కేలోపు గంపలతో కాలనీ వీధుల్లో ఉండేవారు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం కదా, ఆ రోజుల్లో ఎండు నెత్తళ్ళు, రొయ్యపప్పు, ఉప్పుచేప. అమ్మ ఖాళీగా కూర్చోవడం నేను చూడలేదు. కూర్చుంటే నిద్రపోయేది.

నా చదువు సంగతి చెప్పాలి. అమ్మకి అక్షరం రాదు. రాత్రి నన్ను గట్టిగా పైకి చదవమని, పక్కనే గోడకి జారబడి కళ్ళు మూసుకునేది. పడుకుందిలే అని నేను ఆపితే చాలు, 'ఒలే, గొంతు ఆగిపోనాదేటి?' అని లేచేది. సోషల్ పాఠమో సైన్సు పాఠమో ఆవిడకి తెలియదు, గొంతు వినపడాలంతే. నేను యూనివర్సిటీలో ఎమ్మే చదివేటప్పుడు కూడా ఇదే వరస. మనసులో చదువుకుంటే బుర్రకెక్కుతుందని చెప్తే నమ్మలేదు.

మనవల దగ్గర మెత్తబడుతుందనుకున్నాను, పడలేదు. మా వాడికి ఐదో ఏడు రాగానే ముళ్ళు తీసి ముద్దలు పెట్టడం మానేసింది. కవ్వళ్ళు కంచంలో వేసి, నడిముల్లు ఎలా లాగాలో, సన్నముల్లు నాలుకతో ఎలా పట్టుకోవాలో నేర్పింది. గొంతులో ముల్లు గుచ్చుకుంటుందని నాకు టెన్షన్. 'జాలారోల్ల గుంటడికి నువ్వు ముల్లు తీస్తావేటే' అని నా మీదే కేకలు. కానీ వంజరం వండిన రోజున మధ్య ముక్కలు పిల్లలకీ, తలకాయ అల్లుడికీ వెళ్ళేవి. తను పులుసు, అడుగున విరిగిన ముక్కలు. ఏడాదికోసారి సింహాచలం గిరిప్రదక్షిణ రోజున, అప్పూఘర్ దగ్గర సముద్రస్నానానికి దిగే జనానికి మజ్జిగ పొయ్యడానికి మాత్రం గంప దించేది.

ఇప్పుడు నా చిక్కులు. ఆవిడ జీవితంలో ఏ సంవత్సరమూ కచ్చితంగా తెలియదు. ఆధార్‌లో పుట్టినరోజు జనవరి 1 అని ఉంది. ఫొటోలు కూడా తక్కువే, ఉన్నవాటిలో సగం పెళ్ళిళ్ళలో ఎవరి వెనకో నిలబడినవి. అన్నిటికంటే పెద్ద చిక్కు, అమ్మా పెద్దమ్మా చాలా ఏళ్ళు మాట్లాడుకోలేదు. ఇద్దరూ కలిసి వ్యాపారం చేసినవాళ్ళే, పాటలో ఏదో వాటా దగ్గర తేడా వచ్చింది. పెద్దమ్మ సంవత్సరీకానికి వస్తుంది. ఆ సంగతి రాయాలా? రాయకపోతే అమ్మ సగమే అవుతుంది, రాస్తే పందిట్లో గొడవ.

ఇలాంటివి ఎవరైనా రాసి ఉంటే చెప్పండి.

---

పాతూరి_పెద్దాయన:

అమ్మా, సంవత్సరాల సంగతి వరకూ నేను సాయం చెయ్యగలను. మా అమ్మగారి విషయంలో ఇదే పని చేశాను. పెద్దవాళ్ళకి సంవత్సరం గుర్తుండదు గానీ ఊరికి ఏం జరిగిందో గుర్తుంటుంది. మీ అమ్మగారి తోటివాళ్ళని 'ఎప్పుడు' అని అడగొద్దు. 'అప్పటికి పెళ్ళయిందా, కడుపుతో ఉందా, చంకలో ఎవరున్నారు' అని అడగండి.

మన ఊరికి కొన్ని గట్టి గుర్తులున్నాయి. ఉక్కు ఉద్యమం కాల్పులు 1966 నవంబరు 1. పాకిస్తాన్‌తో యుద్ధంలో వాళ్ళ గాజీ జలాంతర్గామి మునిగింది 1971 డిసెంబరు 3 అర్ధరాత్రి. ఆ రోజుల్లో ఊరంతా దీపాలు ఆర్పించారు, మా నాన్నగారు కిటికీలకి నల్లకాగితాలు అంటించడం నాకు బాగా గుర్తు. పేటవాళ్ళకి అది ఇంకా బాగా గుర్తుంటుంది, సముద్రం వాళ్ళ గుమ్మంలోనే కదా. రెండు రూపాయల బియ్యం 1983. సారా ఆపింది 1993 అక్టోబరులో, మొత్తం మద్యనిషేధం 1995 జనవరిలో. ఇవి ఆడవాళ్ళు అసలు మర్చిపోరు. సునామీ 2004 డిసెంబరు 26, హుద్‌హుద్ తుఫాను 2014 అక్టోబరు 12. రెండూ ఆదివారాలే. హార్బర్‌లో బోట్లు తగలబడింది 2023 నవంబరు 19 రాత్రి.

పాత రేషన్ కార్డు, డ్వాక్రా పాస్‌బుక్ ఇంట్లో ఉన్నాయేమో చూడండి. కార్డులో అప్పటి వయసులు ఉంటాయి. అవీ తప్పుగానే ఉంటాయనుకోండి, కానీ ఎవరు ఎవరికంటే ఎంత పెద్దో తేలుతుంది. తేలనిచోట 'గాజీ మునిగిన నాటికి ఓణీ వెయ్యలేదు' అని రాసెయ్యండి. జనవరి 1 మాత్రం వెయ్యకండి.

---

సెక్టార్6_గృహిణి:

మా వీధికి పేట నుంచి ఒకావిడ వచ్చేది. మీ అమ్మగారు కాకపోవచ్చు, అప్పట్లో చాలామంది వచ్చేవారు. అయినా చెప్తాను, మీకు పనికొస్తుందేమో.

నాకు చేప కొనడం నేర్పింది ఆవిడే. మొప్ప ఎత్తి ఎర్రగా ఉందో లేదో చూడమనేది, వేలితో నొక్కితే గుంట పడకూడదనేది. తన గంపలోంచే ఒకటి తీసి 'ఇది నిన్నటిది, మీరు తీసుకోకండి' అన్న రోజులున్నాయి. అదే రోజు ఎదురింటావిడ కానాగంతలు మరీ తక్కువకి అడిగిందని పోగు మొత్తం గంపలోకి లాగేసుకుని 'అమ్మా, మీరు తోటకూర కొనుక్కోండి' అంది! నాకు నవ్వాగలేదు. ఎదురింటావిడకి ఇప్పటికీ కోపమే.

హుద్‌హుద్ వెళ్ళిన తర్వాత కరెంటు లేదు, మోటార్లు ఆడవు. మా అపార్టుమెంటులో పైన ఇద్దరు ముసలివాళ్ళు, పిల్లలు అమెరికాలో. ఆవిడ గంప లేకుండా వచ్చింది. పేటలో పడవలు పోయి, ఇంటి రేకులు ఎగిరిపోయి తనే కష్టంలో ఉంది. కింద ట్యాంకర్ దగ్గర బిందె పట్టి మూడో అంతస్తుకి ఎక్కించి, 'నెలకి నాలుగుసార్లు కొంటారు కదా, ఎలాగున్నారో సూద్దారని' అంది. అప్పుడు మేమందరం గుమ్మాల్లో నిలబడి ఫోన్లు పనిచెయ్యడం లేదని తిట్టుకుంటున్నాం.

కాబట్టి మీ అమ్మగారు తిరిగిన వీధుల్లో అడగండి. ఇంట్లోవాళ్ళు చూడని మనిషి అక్కడ ఉంటుంది.

---

మద్దిలపాలెం_కుర్రోడు:

అక్కా, పుస్తకం వెయ్యండి, కాదనను. కానీ మీ పిల్లలకి మిగిలేది గొంతు. ఫోన్‌లో అమ్మమ్మ వాయిస్ మెసేజ్‌లు ఉన్నాయా? ఉంటే ముందు వాటి పని చూడండి. మా మామ్మవి ఫోన్ మార్చినప్పుడు అన్నీ పోయాయి. వాట్సాప్‌లో ఆ చాట్ తెరిచి ఎక్స్‌పోర్ట్ కొట్టి, మీడియాతో కలిపి అన్నది నొక్కండి. పాత చాట్ పెద్దదైతే అన్నీ రాకపోవచ్చు, ముఖ్యమైనవి విడిగా సేవ్ చేసుకోండి. పెన్‌డ్రైవ్‌లో ఒకటి, మెయిల్‌లో ఒకటి పెట్టండి. పుస్తకం వెనక అట్ట మీద క్యూఆర్ కోడ్ వేస్తే స్కాన్ చేసినవాళ్ళకి ఆవిడ మాట వినపడుతుంది. ఒక్కటి చాలు, తిట్టేది అయితే ఇంకా బాగుంటుంది.

---

భీమిలి_కోడలు:

పెద్దమ్మ విషయంలో నా మాట వేరు. పందిట్లో పంచే పుస్తకంలో పోయినావిడ తగాదా రాయడం నాకు నచ్చదు. ఆవిడ వచ్చి తన పక్క చెప్పుకోలేదు, బతికున్నావిడ లేచి వెళ్ళిపోవాలి. ఇంట్లో దాచుకోవడానికి వేరే కాగితం మీద రాసుకోండి.

లేదా ముందుగా పెద్దమ్మగారి దగ్గరికి వెళ్ళి, రాసింది చదివి వినిపించండి. ఒప్పుకుంటే వెయ్యండి. మా అత్తగారి పెద్దకర్మకి మా బావగారు ఎవరినీ అడక్కుండా ఏదో రాసి మైకులో చదివారు. ఆ తర్వాత రెండు కుటుంబాలు భోజనాలకి కూర్చోలేదు. వండినవన్నీ మిగిలిపోయి పక్క వీధులకి పంచాం.

---

పేట_ఆడపడుచు:

అందరికీ చాలా థాంక్స్. పెద్దాయన గారూ, మీ లెక్క భలే పనిచేసింది. 'గాజీ అప్పుడు మీయమ్మ నాతోపాటు ఒడ్డున పుల్లలేరుతుండేది, రెండు రూపాయల బియ్యం నాటికి నువ్వు చంకలో ఉన్నావు' అని పేటలో ఒక ముసలమ్మ చెప్పింది. నా వయసు కూడా సరిపోయింది. వాయిస్ మెసేజ్‌లు దొరికాయి. ఎక్కువ భాగం 'అన్నం తిన్నారా' అన్నవే. ఒకదాంట్లో అల్లుడిని తిడుతోంది, అది మా ఆయన వద్దంటున్నారు.

భీమిలి కోడలు గారు చెప్పినట్టే పెద్దమ్మ దగ్గరికి వెళ్ళాను. నేను రాసుకున్నది చదివాను. ఇక్కడ కూడా పెడుతున్నాను, చూడండి:

'హార్బర్‌లో పాట పెద్ద గోలగా ఉంటుంది. బోటు దిగిన సరుకు నేల మీద కుప్ప పోస్తారు, చుట్టూ మూగుతారు. ఒక్కరే కొనేంత డబ్బు ఎవరి దగ్గరా ఉండదు. అందుకని అమ్మా, పెద్దమ్మా, ఇంకో ఆవిడా కలిసి ఒక్క గొంతుతో పాట పాడేవారు. పాట దక్కాక కుప్పని మూడు పోగులు చేసేది అమ్మ. పెద్దవి, చిన్నవి, పొట్ట చిట్లినవి మూడింట్లోనూ సమానంగా పడాలి. పోగులు పెట్టిన మనిషి ఏరుకోకూడదు. ముగ్గురిలో ఒకరు వెనక్కి తిరిగి నిలబడతారు. అమ్మ ఒక పోగు మీద చెయ్యి పెట్టి, ఇది ఎవరిది, అని అడుగుతుంది. చూడకుండా పేరు చెప్తారు. వచ్చింది తీసుకోవాలి. ఒకరోజు చెయ్యి పెట్టేముందు అమ్మ దగ్గిందనీ, అది సైగ అనీ పెద్దమ్మ అంది. ఆ మధ్యాహ్నం నుంచి ఇద్దరూ వేరే వేరే ఆటోలెక్కారు.'

పెద్దమ్మ మొత్తం విన్నది. కోప్పడుతుందనుకుంటే, 'పోగులెట్టిందెవరో సరిగ్గా రాయవేటే' అని మొదలుపెట్టింది. ఆవిడ లెక్క ప్రకారం ఆ రోజు పోగులు పెట్టింది తనట, వెనక్కి తిరిగింది అమ్మట, దగ్గింది మూడో ఆవిడట. మూడో ఆవిడ ఇప్పుడు లేదు. మరి నువ్వెందుకు కోప్పడ్డావంటే, 'మీయమ్మ నన్ననుమానించీసినాది' అంది. అమ్మ మాకు చెప్పింది దీనికి పూర్తిగా ఉల్టా. కాసేపటికి తనే, మనవరాలి పెళ్ళికి అమ్మ చెప్పకుండా వంజరం పంపిందనీ, గంప చూసి ఎవరు పంపారో తెలిసినా తెలియనట్టు తీసుకుందనీ చెప్పింది. అది మా ఇంట్లో ఎవరికీ తెలియదు.

తమ్ముడు ఈ పేజీ తీసెయ్యమంటున్నాడు. పెద్దమ్మ మాత్రం తన వెర్షన్ కూడా వెయ్యాల్సిందేనంటోంది, అదీ ముందు పేజీలో. అమ్మ చెప్పింది ఎడమ పేజీలో, పెద్దమ్మ చెప్పింది కుడి పేజీలో వేస్తున్నాను, వంజరం సంగతి ఆ కిందే. దగ్గు మాత్రం రెండు పేజీల్లోనూ ఉంటుంది.

సెక్టార్6 గారూ, మీ వీధికి వచ్చే ఆవిడ కుడి చెయ్యి చూపుడువేలికి ఎప్పుడూ గుడ్డ పీలిక చుట్టుకుని ఉండేదా?

---

సెక్టార్6_గృహిణి:

పీలిక గుర్తు లేదండి. ముక్కుకి రెండు వైపులా పుడకలుండేవి. మూడో అంతస్తు పెద్దావిడ ఇప్పుడు కూతురి దగ్గరికి వెళ్ళిపోయారు, నంబర్ ఉంది. రాత్రికి ఫోన్ చేసి అడుగుతాను. మీ అమ్మగారి ఫొటో ఒకటి నాకు పంపండి, ఎవరి వెనక నిలబడినదైనా ఫర్వాలేదు.