హైస్కూల్ బయాలజీకి బతికున్న పురుగులు అవసరమా?

బయో_టీచరమ్మ:
తొమ్మిదో క్లాస్ పిల్లల చేత కరివేపాకు చెట్టు మీది గొంగళి పురుగుల్ని సీసాలో పెంచిద్దాం అనుకున్నా, మా స్టాఫ్‌లో ఒకరు అది హింస, వీడియో చూపిస్తే చాలు అంటున్నారు. నాకైతే చాలదండీ. చిన్నగా ఉన్నప్పుడు అచ్చం పిట్టరెట్టలా ఉంటుంది, పెద్దయ్యాక పచ్చగా మారిపోతుంది, పుల్లతో తాకితే తల వెనక నుంచి ఎర్రటి కొమ్ములు బయటపెట్టి ఘాటు వాసన కొడుతుంది. ఆ వాసన వీడియోలో ఎక్కడిది?

చీమైనా_ప్రాణమే:
ఆ పుల్లతోనే మేడం నా పేచీ. 1960 జంతుహింస నివారణ చట్టంలో జంతువంటే మనిషి కాని ఏ ప్రాణైనా అని ఉంది, పురుగులూ అందులోకే వస్తాయి. పుస్తకాలు, మోడళ్లు, ఫిల్ములతో పని జరిగితే ప్రయోగాలు మానాలన్న మాట కూడా అందులోదే. యూజీసీ 2014లో కాలేజీల్లో జంతువుల్ని కోయడమే ఆపమంది. అయినా క్లాసులో సీసా పెడితే రెండ్రోజుల్లో ఎవడో ఒకడు పట్టుకుని ఊపేస్తాడు, మీకు తెలీందా.

మల్బరీ_తోట:
బ్రో ఆ రూలు ప్రయోగాలకి, ఆకేసి పెంచుతూ చూడటం ప్రయోగం ఎట్లయితాది? మాది హిందూపురం పక్క, ఇంట్లో పట్టుపురుగులే. నాలుగు జ్వరాలు దాటాలి (కుబుసం విడిచే ముందు తిండి మానేసి పడుకుంటాయి, దాన్నే జ్వరం అంటాం), మొత్తం పాతిక రోజులకి అటూఇటూగా చంద్రికలెక్కి (గూడు కట్టుకోడానికి పెట్టే వెదురు తట్టలు) గూడు కట్టేస్తాయి. చివరి వారం షెడ్డు దగ్గరికి పోతే ఆకు నమిలే చప్పుడు బయటికే వినిపిస్తాది. ఇంత పక్కనే పెట్టుకుని మా బళ్లో బోర్డు మీద బొమ్మ గీయించినారు. దారం తీసేటప్పుడు గూళ్లు వేడినీళ్లలో వేస్తారు, లోపలి ప్యూపా (గూట్లో రూపం మారతా ఉండే పురుగు) చచ్చిపోతాది, అది కూడా దాచకుండా చెప్పల్ల పిల్లోళ్లకి.

పెన్నా_ఒడ్డు:
ఏదైనా పెంచండి గానీ దోమ లార్వాలు మాత్రం వద్దు సామీ, గుడ్డు నుంచి వారం పది రోజుల్లో రెక్కలొచ్చేస్తాయి, డెంగీ క్లాసులోనే మొదలవుద్ది.

బయో_టీచరమ్మ:
సరే సీసా మానేస్తా, కొమ్మకే వదులుగా దోమతెర గుడ్డ కట్టి వారానికి రెండుసార్లు పిల్లల్ని చెట్టు దగ్గరికే తీసుకెళ్తా. ఒక్కోసారి ప్యూపాలోంచి సీతాకోకచిలుక బదులు చిన్న కందిరీగలు బయటికొస్తాయి, తల్లి కందిరీగలు దాని లోపలే గుడ్లు పెట్టి పోతాయి కాబట్టి. అదీ చూడనీండి.

చీమైనా_ప్రాణమే:
చెట్టు మీదైతే ఓకే. మరి సైన్స్ ఫేర్‌కి పురుగుల్ని అట్టకి పిన్నులతో గుచ్చి తెమ్మంటారా?

బయో_టీచరమ్మ:
అననండీ, ఫోటోలు పెట్టిస్తా. పుల్ల మాత్రం ఒక్కసారి ఉంటుంది.