అప్‌డేట్: ఏటా వెళ్లే కామిక్స్ మేళా మీద మనసు విరిగింది, మానేయాలా?

ఎనిమిదేళ్లుగా వెళ్తున్న మేళాలో ఇప్పుడు క్యూలు, బ్రాండ్ స్టాళ్లు తప్ప ఏమీ మిగల్లేదని వాపోయాను కదా. జవాబిచ్చిన అందరికీ థాంక్స్.

పనిచేసింది ఒక్క సలహానే: శనివారం వద్దు, శుక్రవారం తలుపులు తీయగానే నేరుగా ఆర్టిస్ట్ ఆలీకి, అంటే బొమ్మలేసేవాళ్లు తమ పుస్తకాలు, బొమ్మలు పెట్టుకుని కూర్చునే చోటికి, వెళ్లమన్నది. బొమ్మలేసేవాళ్లు తీరిగ్గా ఉన్నారు. ఒకమ్మాయి సొంతంగా అచ్చేయించుకున్న తెలుగు కామిక్ తీసి, ప్యానెళ్లు (బొమ్మల గళ్లు) ఎలా విడగొట్టిందో పేజీ పేజీకీ చూపించింది. ఇరవై నిమిషాలు! మొదటి ఏడాది నేను ప్రేమించింది దీన్నే. సెలబ్రిటీ వేదిక వైపు వెళ్లనేలేదు, మధ్యాహ్నానికి ఇంటికొచ్చేశాను.

కొందరు కొనమన్న వీఐపీ పాస్ అక్కర్లేకపోయింది. ఇంకొందరన్నట్టు నా వయసూ కారణం కాదు. అమెరికాలో జరిగే పెద్ద కామిక్స్ మేళా శాన్ డియేగో కామిక్ కాన్ 1970లో సుమారు 300 మందితో మొదలై ఇప్పుడు లక్ష దాటిందని ఒకరు రాశారు. పెరగడం మామూలేనని అర్థమైంది కానీ దాంతో బెంగ తీరలేదు.

వచ్చే ఏడాదీ శుక్రవారం టికెట్టే తీసుకుంటా.