పాఠ్య ప్రణాళికలో ‘వాక్యం’ గడి: లెక్కల పీరియడ్‌లో బైబిలు ఉండాలా?

నల్లబల్ల (చర్చ మొదలుపెట్టినవారు)

అందరికీ వందనాలు. గుంటూరు జిల్లాలో క్రైస్తవ యాజమాన్యం నడిపే ఒక ఎయిడెడ్ ఉన్నత పాఠశాలలో పందొమ్మిదేళ్లుగా లెక్కలు చెబుతున్నాను. నేనూ విశ్వాసినే. సండే స్కూల్లో వాక్యాలు, మామూలు బడిలో ఎక్కాలు ఒకే ఏడాది బట్టీ పట్టడం మొదలుపెట్టినవాణ్ణి.

ఈ ఏడాది మా కరస్పాండెంట్ గారు పాఠ్య ప్రణాళిక పుస్తకంలో కొత్తగా ఒక గడి గీయించారు. పాఠం పేరు, బోధనోపకరణాలు, మూల్యాంకనం, వాటి పక్కన ‘వాక్యం’. ప్రతి అధ్యాయానికీ బైబిలు నుంచి ఒక వాక్యం రాయాలి, దాన్ని పాఠంతో కలిపి పిల్లలకు చెప్పాలి. తెలుగు, సాంఘిక శాస్త్రం వాళ్లు రెండు రోజుల్లో నింపి ఇచ్చేశారు. పదో తరగతి లెక్కలకు పద్నాలుగు గడులు. నేను నింపినవి మూడు.

ఆ మూడింటిలో ఒకటి నాకు ఎప్పటినుంచో ఇష్టమైనది. యోహాను సువార్త 21:11. శిష్యులు తిబెరియ సముద్రంలో రాత్రంతా వల వేసినా ఒక్క చేపా పడలేదు. తెల్లవారాక యేసు చెప్పినట్టు దోనె కుడిపక్కన వేస్తే 153 పెద్ద చేపలు పడ్డాయి. ఒకటి నుంచి పదిహేడు దాకా కూడి చూడండి. 17ను 18తో గుణించి సగం చేస్తే సరిగ్గా 153. అంకశ్రేఢి మొత్తం చెప్పే రోజున పిల్లల చేత చింతగింజలు తెప్పిస్తాను. నేల మీద ఒకటి, దాని కింద రెండు, దాని కింద మూడు, అలా పదిహేడు వరుసలు. త్రిభుజం పూర్తయ్యాక గింజలు లెక్కపెట్టే గోల పక్క తరగతికి కూడా వినిపిస్తుంది. ప్రాచీన క్రైస్తవ వేదాంతి అగస్టీన్ కూడా ఆ సంఖ్యను ఒకటి నుంచి పదిహేడు వరకు కూడికగానే చూశాడు.

కానీ నా అనుమానం ఇది. అది గణితం గురించి బైబిలు చెప్పిన మాటా, లేక బైబిల్లో నాకు దొరికిన ఒక ముచ్చటైన లెక్కా? సరూప త్రిభుజాల దగ్గర ఏం రాయను? అసలు ఆ గడి ఉండాలా?

శేషం సున్న

ఉండకూడదు. బోడిగుండుకూ మోకాలికీ ముడి. పిథాగరస్ సిద్ధాంతం నిరూపణలో ఏ మెట్టు దగ్గర దేవుడు అవసరమవుతాడో ఎవరైనా చూపిస్తే నా మాట వెనక్కు తీసుకుంటాను.

ఇది క్రైస్తవుల మీద కోపంతో అంటున్నది కాదు. రామానుజన్ తన సూత్రాలు నామక్కల్ నామగిరి తాయారు అమ్మవారి దయ అని చెప్పుకున్నాడు. ఆయనను కేంబ్రిడ్జికి పిలిపించిన గణితవేత్త హార్డీ నాస్తికుడు. తాయారును కాదనలేదు, ఔననలేదు. అడిగింది నిరూపణ ఒక్కటే. మన దగ్గరే చూడండి. జైనుడైన మహావీరాచార్యుడు తొమ్మిదో శతాబ్దంలో జినుడికి నమస్కరించి గణితసార సంగ్రహం మొదలుపెట్టాడు. దాన్ని తెలుగులోకి తెచ్చిన పావులూరి మల్లన జైనుడు కాడు. త్రైరాశికానికి ఏమైనా తేడా వచ్చిందా?

రేపు ఇంకో యాజమాన్యం ‘శ్లోకం’ అని గడి గీయిస్తే ఇదే వేదికలో ఎవరు గొంతెత్తుతారో కూడా నాకు తెలుసు.

కృష్ణా తీరం

వందనాలు మాస్టారూ. శేషం సున్న గారికి నా జవాబు.

నిరూపణలో దేవుడు మెట్టు కాడు, నిజమే. అయితే బడిలో చెప్పేది నిరూపణలే కాదుగా. లాభనష్టాలు, వడ్డీ లెక్కలు కూడా చెబుతాం. ఎనిమిదో తరగతి పిల్లలకు చక్రవడ్డీ సూత్రం ఇచ్చి ‘మొత్తం ఎంత?’ అని అడుగుతాం. ‘అంత తీసుకోవచ్చా?’ అని ఎప్పుడైనా అడిగామా? అడగకపోవడం కూడా ఒక బోధే. అది మనకు మామూలైపోయింది కాబట్టి కనిపించదు.

మా ఊళ్లో నూటికి అయిదు రూపాయల వడ్డీ మామూలు మాట. నెలకు అయిదు, ఏడాదికి అరవై శాతం అని నోటితో అనేవాళ్లు తక్కువ. పదివేలు తెచ్చి ఒక్క నెలా కట్టలేక, వడ్డీని అసలులో కలుపుకుంటూ పోతే పన్నెండో నెలాఖరుకు 17,959 రూపాయలు. ఈ లెక్క పిల్లల చేత చేయించి, పక్కనే నిర్గమకాండం 22:25 చదివించాను. పేదవాడికి అప్పిస్తే వడ్డీ కట్టవద్దని అందులో ఉంది. తరగతిలో ఒక్కసారిగా నిశ్శబ్దం. ఆ పిల్లల్లో సగం మంది తల్లులు డ్వాక్రా సంఘాల్లో ఉన్నారు. 2010 అక్టోబరులో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం సూక్ష్మరుణ సంస్థల మీద ఎందుకు ఆర్డినెన్సు తెచ్చిందో వాళ్ల ఇళ్లలో పాఠం అక్కర్లేకుండానే తెలుసు.

క్రైస్తవ దృక్పథం అంటే నా మటుకు ఇదే. సూత్రం మారదు, అడిగే ప్రశ్న మారుతుంది.

కడప గడప

కృష్ణా తీరం గారూ, మీ పాఠం చాలా బాగుంది. కానీ దానికి ‘క్రైస్తవ’ అని పేరెందుకు? వడ్డీ వద్దని ఖురాన్ కూడా అంటుంది. మా నాన్నగారు బ్యాంకులో పడిన వడ్డీని ఏటా లెక్కగట్టి విడిగా దానం ఇచ్చేసేవారు. ఆ లెక్క రాయడం నా పని. శాతాలు నాకు అక్కడే వచ్చాయి.

బీజగణితానికి ఇంగ్లిషులో ఉన్న పేరు అల్ ఖ్వారిజ్మీ పుస్తకం పేరులోని ‘అల్ జబ్ర్’ నుంచి వచ్చింది. ఆ పుస్తకంలో పెద్ద భాగం వారసత్వ వాటాల లెక్కలే. భార్యకు ఎంత, కూతురికి ఎంత అని మతం చెప్పింది. పంచడానికి సమీకరణం కావలసి వచ్చింది. మతం లెక్క తెచ్చిపెడుతుందంటే ఒప్పుకుంటాను. జవాబు కూడా తనదే అంటేనే పేచీ.

పాత హెడ్మాస్టరు

నాలాంటి ముసలివాళ్లు చట్టం మాట ఎత్తకుండా ఉండలేరు, మన్నించండి.

రాజ్యాంగం 30వ అధికరణం మైనారిటీలకు తమ విద్యాసంస్థలు స్థాపించుకొని నడుపుకొనే హక్కు ఇచ్చింది. అందులో అనుమానం లేదు. మిషనరీలు హేయర్ గుంటూరుకు వచ్చిన 1842 నుంచి, నోబుల్ మచిలీపట్నంలో బడి తెరిచిన 1843 నుంచి ఈ జిల్లాల్లో చదువుకున్న లక్షల మందిలో నేనూ ఒకణ్ణి. ఆ రుణం మరచిపోను. కానీ 28(3) కూడా ఉంది. ప్రభుత్వ గుర్తింపు గానీ సాయం గానీ ఉన్న బడిలో, మతబోధకు హాజరు కమ్మని ఏ విద్యార్థినీ బలవంతపెట్టకూడదు. మైనరైతే సంరక్షకుల సమ్మతి కావాలి.

నా హయాంలో ప్రార్థన పీరియడ్ వేరుగా ఉండేది. వద్దనుకున్న పిల్లలు గ్రంథాలయంలో కూర్చునేవారు. సులువు. మరి ‘వాక్యం’ లెక్కల పీరియడ్‌లోకి వస్తే వద్దన్న పిల్లవాడు ఎక్కడికి పోవాలి? శ్రేఢులు వదులుకొని గ్రంథాలయానికి పోతాడా? పబ్లిక్ పరీక్ష రాయవద్దా? చింతగింజలు పేర్చడానికి ఎవరి సమ్మతీ అక్కర్లేదు. దాన్ని దేవుడి మహిమ అని రాత పరీక్షలో అడిగితే మాత్రం అక్కర పడుతుంది. నల్లబల్ల గారూ, ఆ గడిని మూల్యాంకనం గడితో కలపకుండా చూసుకోండి. అదే ముఖ్యం.

నిర్వాహకులు

మతమార్పిడి అంటూ రాసిన రెండు వ్యాఖ్యలు, వాటికి వచ్చిన జవాబులు తొలగించాం. చర్చ గడి గురించి. గడిలోనే ఉండండి.

ఎనిమిదో తరగతి నాన్న

మా వాడు ఇలాంటి బడిలోనే చదువుతున్నాడు. అక్కడ స్తోత్రగీతం పాడతాడు, ఇంటికొచ్చి వాళ్ల నానమ్మ పక్కన దీపం దగ్గర కూర్చుంటాడు. నాకు ఇబ్బంది లేదు. బీజీయ సమాసాల దగ్గర గుర్తులు తప్పు వేస్తున్నాడు. మైనస్‌ను మైనస్‌తో గుణిస్తే ప్లస్ ఎందుకో చెప్పే వాక్యం ఉంటే దయచేసి రాయండి, గోడకు అంటిస్తాను.

టెక్సస్ అమ్మ

ఇక్కడి సంగతి కాస్త వేరు. ఇవి పూర్తిగా ప్రైవేటు బడులు, ఏం చెప్పాలో వాళ్ల ఇష్టం. మా అమ్మాయిని డాలస్ దగ్గర ఒక క్రైస్తవ హైస్కూల్లో వేశాం. చేర్చే ముందు గణితం పుస్తకాలు తిరగేశాను. ఒక ప్రచురణకర్త ఏమంటాడంటే, గణిత నియమాలు మనుషులు అల్లుకున్నవి కావు, దేవుడు సృష్టించినవి. అందుకే మేము సమితి సిద్ధాంతంలాంటి ఆధునిక గొడవలు పెట్టుకోము. నాకు నవ్వొచ్చింది. సమితుల శాస్త్రాన్ని కట్టిన గణితవేత్త కాంటర్ లూథరన్ క్రైస్తవుడు. తన అనంతాలు దేవుడి అనంతత్వానికి పోటీ కావని కార్డినల్ ఫ్రాంజెలిన్‌కు 1886లో ఉత్తరాలు రాసి మరీ వివరించుకున్నవాడు. ఆయన విశ్వాసంతో పట్టుకున్న దాన్ని వీళ్లు విశ్వాసం పేరు చెప్పి వదిలేశారు.

అదే బడిలో ఒక మంచి మాస్టారు కూడా ఉన్నారు. ఊహా సంఖ్యల పాఠం రోజు, మైనస్ ఒకటికి వర్గమూలం మనిషి కనిపెట్టాడా, ముందే ఉన్నదాన్ని కనుగొన్నాడా అని అడిగి, పీరియడ్ అంతా పిల్లలనే వాదించుకోనిచ్చారట. ఒక్క వాక్యమూ చదవలేదు. ఆ రాత్రి మా ఇంట్లో పప్పు చల్లారిపోయింది, వాదన ఆగలేదు. మా వారు కనిపెట్టాడంటారు, అమ్మాయి కనుగొన్నాడంటుంది. నల్లబల్ల గారూ, మీ గడిలో వాక్యానికి బదులు ఒక ప్రశ్న రాస్తే ఒప్పుకుంటారా?

శేషం సున్న

మైనస్ నాన్న గారికి: ప్లస్ కాదంటే పంచే న్యాయం (విభాగ న్యాయం) చెడిపోతుంది, అంతే. మీ వాడిని –1 × (1 – 1) చేయమనండి. మొత్తం సున్న రావాలి. మొదటి ముక్క –1 వచ్చాక రెండోది +1 కాక తప్పదు. వాక్యం అక్కర్లేదు.

టెక్సస్ అమ్మగారి ప్రశ్న బాగుంది, కానీ అది తత్వశాస్త్రం. నాస్తికుడూ అడగవచ్చు.

కృష్ణా తీరం

అడగవచ్చు. అయితే ఎందుకు అడగాలనిపించింది అనేది కూడా చూడాలి. ఖగోళ శాస్త్రవేత్త కెప్లర్‌ను తీసుకోండి. వేదాంతం చదివి పాదిరి కావలసినవాడు, 1594లో గ్రాట్జ్‌లో ఒక లూథరన్ బడికి లెక్కల మాస్టారుగా వెళ్లాడు. (మొదటి ఏడాది తరగతికి పిల్లలు కొద్దిమందే, రెండో ఏడాది ఎవరూ రాలేదు. మనలో నిరుత్సాహపడేవాళ్లు గుర్తుపెట్టుకోండి.) దేవుడు జ్యామితితోనే లోకాన్ని కట్టాడనే నమ్మకం లేకపోతే ఆయన గ్రహాల వెంట అన్నేళ్లు పడేవాడే కాదు.

శేషం సున్న

ఆ నమ్మకం ఆయనకు ఇచ్చినది ఏమిటి? అయిదు క్రమ ఘనాలను ఒకదానిలో ఒకటి అమర్చి వాటి మధ్య గ్రహాల గోళాలు పెట్టిన 1596 నాటి పుస్తకం. చూడముచ్చటగా ఉంటుంది, పూర్తిగా తప్పు. గ్రహాల దారి దీర్ఘవృత్తం అన్నది వచ్చింది ఆకాశాన్ని ఏళ్ల తరబడి కొలిచిన టైకో బ్రాహీ కొలతల నుంచి. అంగారకుడి లెక్క ఆ కొలతలకు ఎనిమిది కళలు తేడా పడింది. డిగ్రీలో ఏడో వంతు కన్నా తక్కువ. దాని కోసం కట్టిందంతా కూల్చి మళ్లీ మొదలుపెట్టాడు. మీ వాక్యం గడి ఘనాల వైపు ఉంది, ఎనిమిది కళల వైపు కాదు.

కృష్ణా తీరం

ఆ ఎనిమిది కళల గురించి ఆయన స్వయంగా ఏమి రాశాడో తెలుసా? 1609 పుస్తకంలోనే ఉంది. దేవుడు దయతో మనకు టైకో అంతటి జాగ్రత్తపరుణ్ణి ఇచ్చాడు, ఆ వరాన్ని కృతజ్ఞతతో అందుకోవాలి అన్నది ఆ మాటల సారం. కొలతను గౌరవించడమే ఆయన భక్తి.

శేషం సున్న

ఇది నాకు తెలియదు. దీనికి మార్కులు ఇస్తాను.

నల్లబల్ల

ఇంత చర్చ వస్తుందనుకోలేదు. అందరికీ కృతజ్ఞతలు. ఈ వారం తరగతిలో జరిగింది చెబుతాను.

వృత్తాల దగ్గర ఒక పిల్లవాడు లేచి, ‘మాస్టారూ, బైబిల్లో పై (π) విలువ 3 అని ఉందట, నిజమేనా?’ అన్నాడు. 1 రాజులు 7:23. సొలొమోను చేయించిన ‘ఇత్తడి సముద్రం’ అనే పెద్ద నీటితొట్టి, అంచు నుంచి అంచుకు పది మూరలు, కైవారం ముప్పై మూరలు. దీనికి మా వాళ్లు చెప్పే సమాధానం ఒకటుంది. మూడు వచనాల తరువాత దళసరి బెత్తెడు అని ఉంది కాబట్టి, పది మూరలు బయటి కొలత, ముప్పై లోపలి చుట్టుకొలత అని. మూర పద్దెనిమిది అంగుళాలు, బెత్తెడు నాలుగు అంగుళాలు అనుకుంటే 540ని 172తో భాగించాలి. 3.1395 వస్తుంది. నేను కూడా ఇన్నాళ్లూ ఇదే గర్వంగా చెప్పాను.

ఈసారి పిల్లల చేతులే కొలిపించాను. మోచేతి నుంచి వేలి కొస దాకా మూర. నాలుగు వేళ్ల వెడల్పు బెత్తెడు. మొదటి బల్ల అమ్మాయికి మూర 40 సెంటీమీటర్లు, బెత్తెడు 7. లెక్క కడితే 3.11. మూరకు ఆరు బెత్తెలు అనే పాత కొలత తీసుకుంటే 3.10. ఎవరి చెయ్యి పెడితే వాళ్ల పై వస్తోంది! ‘అంటే మనకు కావలసిన జవాబు వచ్చే కొలత ఏరుకున్నామా మాస్టారూ?’ అని ఆ అమ్మాయే అడిగింది. ఔనన్నాను. అది రాజుగారి తొట్టి వర్ణన, దగ్గరి అంకెకు చెప్పిన కొలత, అందులో పై విలువ వెతకడం మన తొందర అని కూడా చెప్పాను. ఆ మాట అనడానికి విశ్వాసిగా నాకు కాస్త గొంతు పట్టింది, దాచను.

గడుల సంగతి. శ్రేఢుల దగ్గర యోహాను 21:11 ఉంచాను, ‘సరదా లెక్క’ అని బ్రాకెట్లో రాసి. ఎనిమిదో తరగతి ప్రణాళికలో వడ్డీ దగ్గర నిర్గమకాండం, కృష్ణా తీరం గారి పుణ్యమా అని. వృత్తాల దగ్గర 1 రాజులు 7:23 రాసి కింద అమ్మాయి ప్రశ్న రాశాను. మూల్యాంకనం గడికి, వాక్యం గడికి మధ్య గీతను స్కేలు పెట్టి లావుగా దిద్దాను, పాత హెడ్మాస్టరు గారు చూస్తే సంతోషిస్తారు. సరూప త్రిభుజాలతో సహా మిగిలిన గడుల్లో అడ్డగీతలు గీశాను. శనివారం పుస్తకం కరస్పాండెంట్ గారి సంతకానికి వెళుతుంది.

పాత హెడ్మాస్టరు

అడ్డగీతలు పెన్సిలుతోనా, పెన్నుతోనా?

నల్లబల్ల

పెన్నుతోనే, మాస్టారూ.